గోనె సంచి మీద సుంకం, కెనడా కలప మీద సుంకం: ఒక జూట్ మిల్లు కేసు

విజయనగరం కేంద్రంగా చిన్న, మధ్య తరహా మిల్లుల కాస్ట్ అకౌంట్లు చూడడం నా పని. ఈ కేసు ఒక జూట్ మిల్లుది. పేరు, ఊరు రాయను. బొబ్బిలికీ రాజాంకీ మధ్య ఎక్కడో అనుకోండి. పురికొస, నార దారం, గోనె సంచులు, కొద్దిగా హెస్సియన్ (పల్చటి గోనె) గుడ్డ చేస్తారు. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జూట్ సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం ఉంది. సొంత దేశంలో కన్నా చవగ్గా తెచ్చి ఇక్కడ అమ్మితే (డంపింగ్) వేసే సుంకం అది. దాని గడువు 2027 డిసెంబరు ఆఖరుకి తీరుతుంది. పొడిగించాలా వద్దా అన్నది ఆలోగా కేంద్రం సమీక్షలో తేలాలి. ఆ సమీక్షకి మిల్లు లెక్కలు పనికొస్తాయో లేదో చూసి చెప్పమన్నారు.

అంతవరకే అయితే ఇది రాయాల్సినంత కేసు కాదు. ఓనరు గారు పేపర్లో కెనడా కలప వార్త చదివి ఉన్నారు. సబ్సిడీ పేరు చెప్పి అమెరికా వాళ్ళు కెనడా కలప మీద సుంకం 35 శాతానికి తీసుకెళ్ళారన్నది ఆ వార్త. "బంగ్లాదేశ్ వాళ్ళకీ వాళ్ళ గవర్నమెంటు డబ్బులిస్తంది కదండీ. మరి మనకేటి, అయిదేళ్ళకోసారి టన్నుకి ఇన్ని డాలర్లని? వాళ్ళలాగ ఏడాదికోసారి లెక్క తీసి సబ్సిడీ అంతా కక్కించే దారి లేదేటి?" అని అడిగారు. మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా రిజిస్టర్లు తెరిస్తే ఆయన ధ్యాస రిజిస్టర్ల మీద ఉండదు. అందుకని మా మొదటి సిట్టింగు మొత్తం కలప మీదే నడిచింది.

కలప గొడవ ఎక్కడుంది

అమెరికా, కెనడా మధ్య ఈ తగువు 1982 నుంచి ఉంది. కెనడా అడవుల్లో 90 శాతం పైగా ప్రభుత్వ భూమి. చెట్లు కొట్టుకునే హక్కు కోసం మిల్లులు ప్రావిన్సు ప్రభుత్వానికి రుసుము కడతాయి. దాన్ని స్టంపేజీ అంటారు. అమెరికాలో కొట్టే కలపలో ఎక్కువ భాగం ప్రైవేటు భూముల్లోది, ధర బేరంలో తేలుతుంది. కెనడా ప్రభుత్వాలు చెట్టుని తక్కువకి ఇస్తున్నాయి, ఆ తేడా మొత్తం మిల్లులకి సబ్సిడీయే అని అమెరికా మిల్లుల వాదన. మా ధర మార్కెట్ ధరే, మా చెట్టు వేరు, మా రవాణా దూరం వేరు అని కెనడా వాదన.

2006 నాటి ఒప్పందం 2015 అక్టోబరులో ముగిసింది. మరుసటి ఏడాది నవంబరులో అమెరికా మిల్లులు ఫిర్యాదు చేశాయి. 2018 జనవరిలో సుంకం ఉత్తర్వులు వచ్చాయి. చాలామందికి వర్తించిన సగటు రేటు సబ్సిడీ కింద 14.19 శాతం, డంపింగ్ కింద 6.04 శాతం, కలిపి 20.23. ఆ తర్వాత సమీక్షల్లో అది 2020లో 8.99, 2021లో 17.91, 2022లో 8.59, 2023లో 7.99, 2024లో 14.40, 2025లో 35.19 అయింది. దీనికి పైన 2025 అక్టోబరు నుంచి జాతీయ భద్రత పేరుతో మరో 10 శాతం వేశారు.

ఈ అంకెలు కాగితం మీద రాసి చూపిస్తే ఓనరు గారి కన్ను 35 దగ్గరే ఆగింది. నేను ఆయన్ని చూడమన్నది 2018 నుంచి 2023 దాకా ఆ రేటు పడ్డ పాట్లు. అమెరికాలో దిగుమతిదారు సరుకు దింపేటప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు రేటు తర్వాత సమీక్షలో తేలుతుంది. 2023లో దిగిన కలపకి రేటు తేలింది 2025లో. డిపాజిట్ ఎక్కువైతే వడ్డీతో వాపసు, తక్కువైతే వడ్డీతో వసూలు. కొన్ని పెద్ద కంపెనీల పుస్తకాలే లోతుగా చూస్తారు, మిగతా మిల్లులన్నిటికీ వాటి సగటే వర్తిస్తుంది. రేటు ఎందుకు పెరిగిందన్నదానికి కూడా సబ్సిడీ ఒక్కటే కారణం కాదు. 2023లో కలప ధరలు బాగా పడిపోయాయి. ధర పడ్డప్పుడు అమ్మే ధర తయారీ ఖర్చు కన్నా కిందికి పోతుంది, డంపింగ్ తేడా ఉబ్బుతుంది. 2025లో తేలిన 35.19లో డంపింగ్ వాటా 20.56, సబ్సిడీ వాటా 14.63. అంటే ఆయన చదివిన వార్తలో పెద్ద ముక్క అసలు సబ్సిడీదే కాదు.

మన పద్ధతి వేరు. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 9వ సెక్షన్ కింద సబ్సిడీకి ప్రతిసుంకం, 9ఏ కింద డంపింగ్ సుంకం వేస్తారు. విచారణ వాణిజ్య శాఖలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ (డీజీటీఆర్) చేస్తుంది. సిఫారసు మాత్రమే దాని పని, సుంకం వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది. ఒకసారి వేసిన రేటు అయిదేళ్ళు నడుస్తుంది. పరిస్థితి బాగా మారిందని చూపిస్తే మధ్యలో సమీక్ష అడగవచ్చు, లేదంటే గడువు ముగిసే ముందు సమీక్ష. దిగుమతిదారుకి ఓడ దిగకముందే తన ఖర్చు తెలుస్తుంది.

నా అభిప్రాయం ఆయనకి సూటిగానే చెప్పాను. ఏడాదికోసారి సమీక్ష అంటే ఏడాదికోసారి లాయరు ఫీజు, ఏడాదికోసారి పుస్తకాల తనిఖీ. వాషింగ్టన్‌లో ఆఫీసులు పెట్టుకోగల కంపెనీలకి అది సరిపోతుంది. బదిలీ కార్మికుల (రానివాళ్ళ స్థానంలో పనిచేసేవాళ్ళ) హాజరు మస్టరు ఇంకా చేత్తో రాసే మిల్లుకి అయిదేళ్ళ స్థిరమైన రేటే మేలు. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

బంగ్లాదేశ్ సబ్సిడీ కలప లాంటిదేనా

కాదు. రుజువు చేయడం వరకూ మనదే తేలిక, ఫలం దగ్గరికి వచ్చేసరికి మనదే కష్టం.

కలప కేసులో ప్రభుత్వం ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టలేదు. తక్కువకి చెట్టు ఇచ్చిందన్నది ఆరోపణ. తక్కువ అనాలంటే అసలు ధర ఎంతో చెప్పాలి. అడవంతా ప్రభుత్వానిదే అయినచోట అసలు ధర ఎక్కడ దొరుకుతుంది? అందుకని అమెరికా వాణిజ్య శాఖ క్యూబెక్, ఒంటారియో, అల్బర్టా చెట్లకి నోవా స్కోషియాలోని ప్రైవేటు అడవుల ధర పెట్టి కొలిచింది. బ్రిటిష్ కొలంబియాకి పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రం దుంగల ధర పెట్టింది. పాచిపెంట కొండ కింద చింతపండు అగ్గువకి అమ్మారని రుజువు చేయడానికి విశాఖపట్నం రైతుబజారు బోర్డు చూపించడం లాంటిది ఇది. 2020లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ ఈ కొలతలనే చాలావరకు తప్పుపట్టింది. అమెరికా అప్పీలుకి వెళ్ళింది. అప్పీలు వినే బెంచే అప్పటికి పనిచేయడం లేదు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది.

బంగ్లాదేశ్ జూట్‌కి ఈ చిక్కు లేదు. అక్కడి ప్రభుత్వం ఎగుమతి విలువ మీద ఇంత శాతం అని నగదు ప్రోత్సాహకం ఇస్తుంది, సర్క్యులర్‌లో శాతంతో సహా ప్రకటిస్తుంది. 2024 జనవరిలో చాలా సరుకులకి, జూట్‌తో సహా, ఆ శాతం తగ్గించింది కూడా. ఎగుమతి చేస్తేనే వచ్చే సబ్సిడీ కాబట్టి అది ఫలానా పరిశ్రమకే అందుతోందని విడిగా రుజువు చేయనక్కర్లేదు, చట్టమే అలా అనుకుంటుంది. వెనకబడిన దేశంగా బంగ్లాదేశ్‌కి ఎగుమతి సబ్సిడీల నిషేధం నుంచి మినహాయింపు ఉంది, అయితే కొనే దేశం ప్రతిసుంకం వేయడానికి అది అడ్డు కాదు. ఇంతవరకూ విని ఓనరు గారు హుషారయ్యారు.

చిక్కు 9బి సెక్షన్‌లో ఉంది. ఒకే సరుకు మీద, డంపింగ్ వల్లో ఎగుమతి సబ్సిడీ వల్లో వచ్చిన ఒకే పరిస్థితికి రెండు సుంకాలూ వేయకూడదని అది చెబుతుంది. తర్కం సులువే: ఎగుమతి సబ్సిడీ అందుకున్నవాడు ఎగుమతి ధర తగ్గిస్తాడు, ఎగుమతి ధర తగ్గితే సొంత దేశంలో అమ్మే ధరతో తేడా పెరుగుతుంది, ఆ తేడాయే డంపింగ్ లెక్కలోకి వచ్చింది. మళ్ళీ సబ్సిడీ పేరుతో వసూలు చేస్తే ఒకే డబ్బుకి రెండుసార్లు సుంకం వేసినట్టవుతుంది. ఉదాహరణకి టన్ను సరుకు 1,000 డాలర్లు, ప్రోత్సాహకం 7 శాతం అనుకుందాం. సబ్సిడీ 70 డాలర్లు. అదే ఎగుమతిదారు మీద డంపింగ్ సుంకం ఇప్పటికే 100 డాలర్లుంటే, ఈ 70 దానికి పైన వచ్చి కూర్చోదు. కలపలో ఈ అడ్డు లేదు. స్టంపేజీ కెనడాలో అమ్మిన కలపకీ ఎగుమతి చేసిన కలపకీ ఒకేలా మేలు చేసే సబ్సిడీ. రెండు ధరలూ ఒకేలా తగ్గుతాయి, డంపింగ్ తేడాలో అది కనపడదు. అందుకే వాళ్ళు రెండు సుంకాలనీ కూడగలుగుతున్నారు. పత్రికల్లో 35.19 అని ఒకే అంకె వేయడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోతోంది.

మనకి లాభం ఎక్కడుంటుందంటే, డంపింగ్ సుంకం చాలా తక్కువగా పడ్డ ఎగుమతిదారుల దగ్గర. 2017 జనవరి 5న వేసిన ఉత్తర్వులో కంపెనీని బట్టి, సరుకుని బట్టి టన్నుకి కొద్ది డాలర్ల నుంచి 351.72 డాలర్ల దాకా రేట్లున్నాయి. కింది అంచున ఉన్నవాళ్ళకి ఆ సుంకం ఒక లెక్క కాదు, దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (సాఫ్టా) వల్ల మామూలు కస్టమ్స్ సుంకం కూడా లేదు. సబ్సిడీ దరఖాస్తు వాళ్ళ మీదే పనిచేస్తుంది. 2021లో ఐక్యరాజ్యసమితి ఖాయం చేసిన షెడ్యూలు ప్రకారం బంగ్లాదేశ్ 2026 నవంబరు 24న వెనకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలి. ఆ తర్వాత ఎగుమతి ప్రోత్సాహకాల రూపం ఎలాగూ మారుతుంది. ప్రోత్సాహకం తగ్గుతున్న కాలంలో, దాన్ని నమ్ముకుని ఖరీదైన దరఖాస్తు వేయడం నాకు సబబనిపించలేదు.

మిల్లు గుమ్మం లోపల

సమీక్షలో డీజీటీఆర్ అడిగేది రెండు ముక్కలు. సుంకం తీసేస్తే డంపింగ్ కొనసాగుతుందా, మళ్ళీ వస్తుందా? వస్తే మన పరిశ్రమకి నష్టం జరుగుతుందా? మొదటిదానికి సమాచారం కస్టమ్స్ లెక్కల్లో, ఢాకాలో దొరుకుతుంది. రెండోది మిల్లు పుస్తకాల్లోనే ఉంటుంది. సాధారణంగా ఒక ఏడాదిని విచారణ కాలంగా తీసుకుని, దానికి ముందు మూడేళ్ళతో పోల్చి చూస్తారు. ఉత్పత్తి, అమ్మకాలు, నిల్వలు, మిల్లు ఎంత సామర్థ్యంతో నడిచింది, ఉద్యోగాలు, జీతాలు, లాభం, పెట్టుబడి మీద రాబడి అన్నీ సరుకువారీగా ఇవ్వాలి. దారం వేరు, హెస్సియన్ వేరు, సంచి వేరు.

ఈ మిల్లులో నార ఖాతా ఒకటే. బెంగాల్ నుంచి రైల్లో వచ్చిన జూట్, చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్న గోగునార, అంతా ఒకే పద్దు కింద పడుతోంది. భీమిలి రేవు పేరుతో ప్రపంచమంతా బిమ్లి జూట్ అని పిలిచిన నార మనది. సాగు తగ్గిపోయినా ఇంకా కొంత వస్తూనే ఉంది. ధరలో రెంటికీ తేడా ఉంది, గోగునార చవక. గోగునార ఎక్కువగా పురికొసలోకి, సంచి పేకలోకి పోతుంది. పడుగుకి బెంగాల్ నార కావాలి. రెండూ కలిపి సగటు తీస్తే పురికొస ఖర్చు ఉన్నదానికన్నా ఎక్కువ, సంచి ఖర్చు తక్కువ కనిపిస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి నార కలిపే బ్యాచింగ్ షెడ్‌లో అరగంట నిలబడితే ఈ సంగతి తెలిసిపోతుంది, ఆ తర్వాత మన కాగితం దేన్నీ నమ్మడు. వడుకు దాకా ఖర్చు అన్ని సరుకులకీ ఉమ్మడి, నేత గుడ్డకీ సంచులకీ, కుట్టు సంచులకే. కాబట్టి కూలీని వడుకు ఫ్రేములు ఏ సరుకుకి ఎన్ని గంటలు నడిచాయో దాన్నిబట్టి పంచమన్నాను. అకౌంట్స్ చూసే పెద్దాయన, ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి, "షిఫ్టు ఇన్‌చార్జీ రాస్తేనే కదా సార్" అన్నాడు. నిజమే. అందుకని ఫారం చిన్నదిగా, షిఫ్టు మారే ముందు రెండు నిమిషాల్లో నింపేలా చేశాం.

దీనికన్నా పెద్ద విషయం ప్రభుత్వ సంచుల ఆర్డరు. 1987 నాటి జూట్ ప్యాకేజింగ్ చట్టం కింద ఆహారధాన్యాలు మొత్తం, పంచదార 20 శాతం గోనె సంచుల్లోనే నింపాలని కేంద్రం నిర్దేశిస్తోంది. ఆ సంచులు మన దేశపు నారతో మన దేశంలో నేసినవే అయి ఉండాలి. కోల్‌కతాలోని జూట్ కమిషనర్ ఆఫీసు ఆర్డర్లు పంచుతుంది, ధర ప్రభుత్వం లెక్క కట్టి ఇస్తుంది. అంటే ఆ ముక్కలో బంగ్లాదేశ్ సంచికి చోటే లేదు. ఈ మిల్లు లాభం అంతా ఆ ఆర్డర్ల నుంచే వస్తోంది. మొత్తం మిల్లు లాభనష్టాల పట్టిక పెడితే అవతలి లాయరు చేసే మొదటి పని దాన్నే మనకి తిప్పి చూపించడం: మీరు బాగానే ఉన్నారు కదా, నష్టం ఎక్కడ? బయటి మార్కెట్లో అమ్మే దారం, పురికొస, ప్రైవేటు సంచుల లెక్క విడదీస్తేనే దిగుమతుల దెబ్బ కనిపిస్తుంది. అమ్మకం బిల్లుల మీద ఈ రెండు రకాలకీ వేర్వేరు సిరీస్ పెట్టించాను. నా మటుకు ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పని అదే.

ఓనరు గారికి మింగుడుపడనిది నష్టరహిత ధర లెక్క. మన నియమాల ప్రకారం డంపింగ్ తేడా, నష్టం తేడా రెండింటిలో ఏది తక్కువైతే అంతే సుంకం. నష్టం తేడా అంటే మన మిల్లు సరుకుకి న్యాయంగా రావాల్సిన ధర, అదే నష్టరహిత ధరలోంచి, దిగుమతి సరుకు ఇక్కడికి చేరిన ధర తీసేస్తే మిగిలేది. ఆ న్యాయమైన ధర కట్టేటప్పుడు మీకు నిజంగా అయిన ఖర్చు తీసుకోరు. ఆ కాలంలో మీ మిల్లు నార, కరెంటు, సామర్థ్యం అన్నిట్లోనూ బాగా వాడుకున్న ఏడాదిని కొలతగా పెట్టి, పెట్టుబడి మీద 22 శాతం రాబడి కలుపుతారు. లాకౌట్ వల్ల మగ్గాలు ఆగిపోయిన నెలల ఖర్చు అందులోకి రాదు. "మరి ఆ నెలలు నా జేబులోంచి పోలేదేటి?" అన్నారాయన. పోయాయి. కానీ అవి ఢాకా మిల్లు వల్ల పోలేదు. అలాగే 2021–22 నష్టం చూపిద్దామన్నారు. ఆ ఏడాది ముడి జూట్ క్వింటాలుకి 6,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు, ఆ ధరకి నార దొరక్క మిల్లులు ఇబ్బంది పడ్డాయి, 2022 మేలో ఆ పరిమితి ఎత్తేశారు. మన సమీక్ష కాలంలోకి ఆ ఏడాది రాదు. వచ్చినా దిగుమతి కాని కారణాల నష్టాన్ని విడగొట్టి పక్కన పెట్టమని నియమాలే చెబుతున్నాయి.

ఒక చిన్న చిరాకు కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. పాత లైసెన్సులో ఒక జిల్లా, పీఎఫ్ కాగితాల్లో ఇంకో జిల్లా. ఇది ఒకే ఫ్యాక్టరీ అని ఒక డిక్లరేషన్ ముందే జతచేయడం మంచిది. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి ఇవి రెండు యూనిట్లలా కనిపిస్తాయి.

దొడ్డిదారి, ఓడరేవు

2017లో సంచుల మీద సుంకం పడగానే అవతలివాళ్ళలో కొందరు సంచి కుట్టకుండా గుడ్డగా పంపడం మొదలుపెట్టారు. ఇక్కడికొచ్చాక కుట్టుకుంటే సరిపోతుంది. విచారణ జరిగి, 2019 జూన్‌లో ఆ గుడ్డ మీదా టన్నుకి 125.21 డాలర్ల సుంకం వేశారు. రెండేళ్ళకి పైగా ఆ సందు తెరిచే ఉంది. కాబట్టి ఇప్పుడు మార్కెట్లోకి ఏ రూపంలో సరుకు వస్తోందో నెలనెలా రాసిపెట్టమని సేల్స్ కుర్రాడికి చెప్పాను. పార్వతీపురం, పలాస, బరంపురం వైపు వ్యాపారులు ఏం కొంటున్నారో అతనికే ముందు తెలుస్తుంది.

2025 జూన్ 27న కేంద్రం బంగ్లాదేశ్ జూట్ సరుకులో పలు రకాలు భూసరిహద్దు రేవుల నుంచి రాకుండా ఆపింది. ముంబయి దగ్గరి నవా షేవా ఓడరేవు ద్వారా మాత్రమే రావాలంది. బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటితే కోల్‌కతా అన్నట్టుండే సరుకు ఇప్పుడు దేశాన్ని చుట్టి రావాలి. మిల్లువాళ్ళకి ఇది సంతోషం. సమీక్షకి మాత్రం రెండంచుల కత్తి. దిగుమతులు తగ్గితే ఇక సుంకం ఎందుకని అవతలివాళ్ళు అడుగుతారు. మన జవాబు: ఆ ఆంక్ష ఒక నోటిఫికేషన్‌తో వచ్చింది, ఇంకో నోటిఫికేషన్‌తో పోతుంది, అక్కడి మిల్లుల సామర్థ్యం, ఎగుమతుల మీద వాటి ఆధారం మారలేదు. గడువు సమీక్షలో చూసేది రేపటి సంభావ్యతని కాబట్టి ఈ వాదన నిలబడుతుందని నా అంచనా. అయితే దానికి అంకెలు కావాలి, అవి ఒక్క మిల్లు వల్ల అయ్యేవి కావు.

ఎక్కడిదాకా వచ్చింది

దరఖాస్తు ఒక్క మిల్లు వల్ల అయ్యే పని కాదు. కొత్త కేసుకైతే మద్దతిచ్చే మిల్లుల ఉత్పత్తి దేశం మొత్తంలో కనీసం 25 శాతం ఉండాలి, వ్యతిరేకించేవాళ్ళ కన్నా ఎక్కువ ఉండాలి. 2015లో మొదలైన అసలు కేసు కూడా కోల్‌కతాలోని ఇండియన్ జూట్ మిల్స్ అసోసియేషన్ దరఖాస్తు మీదే నడిచింది. "అది కోల్‌కతా వాళ్ళు చూసుకుంటారు" అన్న అలవాటు మన మిల్లుల్లో బలంగా ఉంది. చూసుకుంటారు, కానీ వాళ్ళ ఖర్చులతో చూసుకుంటారు. గోగునార కలిపి పురికొస చేసే మన మిల్లుల ఖర్చు ఆ లెక్కలోకి రావాలంటే మన డేటా వెళ్ళాలి.

సబ్సిడీ దరఖాస్తుని ప్రస్తుతానికి పక్కన పెట్టారు. బంగ్లాదేశ్ కొత్త ప్రోత్సాహక సర్క్యులర్లు వచ్చాక, తక్కువ సుంకం కట్టే ఎగుమతిదారుల సరుకు ఎంత వస్తోందో చూసి, సంఘం ముందు పెట్టాలన్నది నిర్ణయం. నార ఖాతా రెండుగా విడిపోయింది. ప్రభుత్వ ఆర్డరు బిల్లులు, మార్కెట్ బిల్లులు వేర్వేరు సిరీస్‌లో వస్తున్నాయి. అలా విడదీసి చూస్తే పురికొస మీద వస్తోందనుకున్న నష్టం తగ్గింది, ప్రైవేటు సంచుల మీద నష్టం పెరిగింది. ఓనరు గారు ప్రైవేటు సంచుల కొటేషన్లు తనే చూడడం మొదలుపెట్టారు.

పక్క మిల్లుల్ని కూడా ఒప్పించే పని నాకే అప్పగించారు. కొందరు సరే అన్నారు. ఒకాయన మాత్రం, "నా ఖర్చు కాగితం మీద పెడితే రేపు పక్కవాడి టేబుల్ మీద ఉంటది" అని కుదరదన్నారు. దరఖాస్తు రెండు ప్రతులుగా వెళ్తుందని, బయటికిచ్చే ప్రతిలో అసలు అంకెలు ఉండవని, మొదటి ఏడాదిని 100గా పెట్టి మిగతావి సూచీలుగానే చూపిస్తారని చెప్పాను. నోటిమాట నమ్మనన్నారు. డీజీటీఆర్ వెబ్‌సైటులో పాత కేసుల బహిరంగ ప్రతులు ఉంటాయి; వాటిలోంచి ఒకటి ప్రింటు తీసి పంపాను. చదివి చెబుతానన్నారు.